మూడు మూలల మచ్చ

వీధి మలుపులో వెల్డింగ్ షాపు పెట్టుకున్న మనిషిని అందరూ నిప్పుల మామ అంటారు. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలే. ఎడమ భుజం మీద మాత్రం అరచేయంత మచ్చ, మూడు మూలలది. పొద్దున్నే షట్టర్ ఎత్తకముందే, వీధి పొడుగునా మొక్కల చుట్టూ తాను బిగించిన ఇనుప కంచెలను చువ్వతో తట్టి చూసుకుంటాడు. కంచె వంగితే బూతులు, మొక్క విరిగితే కొట్లాట.

మొన్న నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ ఒక మొక్కను కంచెతో సహా నలిపేసింది. మామ చువ్వతో దాని అద్దం పగలగొట్టి, డ్రైవర్‌ని చొక్కా పట్టుకుని కిందికి ఈడ్చి, మూతి చిట్లేలా గుద్దాడు. డ్రైవరూ తక్కువ తినలేదు. తిరిగి గుద్ది మామ ముందుపన్ను ఊడగొట్టాడు. వీధంతా బయటికొచ్చింది గాని ఒక్కరూ విడదీయలేదు. ఇద్దరూ రొప్పుతూ ఆగాక, టీకొట్టతను గునపమూ కొత్త మొక్కా తెచ్చి డ్రైవర్ చేతిలో పెట్టాడు.

"ఇక్కడ విరిచినవాడే నాటాలి. బతికేదాకా నీళ్లూ వాడే పొయ్యాలి."

డ్రైవర్ నెత్తురు తుడుచుకుంటూ తవ్వాడు. తవ్వుతూనే వీధిలోకల్లా పెద్ద చెట్టు వైపు చూసి, "మరి అది నాటిందెవడు?" అన్నాడు.

"నేనే. షాపు బోర్డుకి అడ్డమొస్తోందని అక్కడున్న పాత చెట్టు నరికేశాను. అదిగో, ఆవిడ ఇస్త్రీ బల్ల దాని నీడలోనే ఉండేది," అంటూ మామ చొక్కా జార్చి భుజం మీది మచ్చ చూపించాడు.

చెట్టు కింద బట్టలు ఇస్త్రీ చేస్తున్న ముసలావిడ ఇస్త్రీపెట్టె మూత తెరిచింది.

"నీళ్లు రేపు పొద్దున్నే పొయ్యాలి బాబూ," అని పెట్టెలో బొగ్గులు ఊదింది.