ఆడవాళ్లు ముట్టని రాయి

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీ గేటుకు ఎదురుగా నాకో జిరాక్సు అంగడి ఉంది. పద్దెనిమిదేళ్లుగా పిల్లల అసైన్‌మెంట్లు ప్రింటు తీస్తున్నాను. చదువు మీద నాకు గౌరవం పోయింది ఇక్కడే. పేరు మార్చి, రోల్ నంబరు మార్చి, ఒకే వ్యాసాన్ని అరవై మందికి తీసిచ్చిన చెయ్యి ఇది. ఎవడో ఏ వెబ్‌సైటులోనో తప్పుగా రాసిన తేదీ అరవై కాగితాల్లోనూ అదే తప్పుతో బయటికొస్తుంది. దిద్దే సార్లు అరవైకీ మార్కులేస్తారు.

పోయిన ఏడాది మానవశాస్త్రం చెప్పే అబ్రహాము సారు కొత్త పని పెట్టాడు. జనం ఆచారాల గురించి రాసే వెబ్‌సైటు ఒకటి తీసుకుని, అది ఎంతవరకు నమ్మదగిందో తేల్చమన్నాడు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, వాళ్లకెలా తెలుసు, ఎవరిని అడిగారు, ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు రాయాలి. మంచి ప్రశ్నలే. మా పిల్లలేం చేశారంటే, వెబ్‌సైట్లను ఎలా పరీక్షించాలో చెప్పే ఇంకో వెబ్‌సైటును పట్టుకుని, దాన్నే దించేశారు. గుడ్డిగా నమ్మొద్దని రాసిన పేజీని కూడా గుడ్డిగా నమ్మిన మహానుభావులు. నేను నోరు మూసుకుని ప్రింటు తీసిచ్చాను.

సాత్విక ఒక్కతే దించలేదు. ఆళ్లగడ్డ పిల్ల, రోజూ బస్సులో వచ్చిపోతుంది. వాళ్ల తాత తిమ్మయ్య రోడ్డు పక్కన పాకలో విగ్రహాలు చెక్కుతాడు. ఆయన చెక్కిన బొమ్మకు అవ్వ గౌరమ్మ పాలిష్ పడుతుంది. నీళ్లు పోస్తూ, గరుకు రాయితో మొదలుపెట్టి నున్న రాయి దాకా, ఒక్కో విగ్రహాన్ని రోజుల తరబడి రుద్దాలి. ఉలి దెబ్బలకు బూడిద పట్టినట్టుండే రాయి నల్లగా నిగనిగలాడేది ఆ చేతుల వల్లే. నలభై ఏళ్లుగా ఆమె పని అదే.

సాత్విక ఎంచుకున్న వెబ్‌సైటు వెనక ఒక కథ ఉంది. అంతకు నెల ముందు గౌరమ్మ చేతిపనివాళ్లకిచ్చే కార్డు కోసం అర్జీ పెట్టుకుంది. కార్డుంటే రేపు పింఛను వస్తుంది. భుజం ఇప్పటికే సరిగా లేవడం లేదు, ఇంకెంతో కాలం రుద్దలేదు. ఆఫీసులో వేలిముద్ర మిషన్ ఆమె వేళ్లను పట్టలేదు. అది చాలదన్నట్టు అక్కడి ఉద్యోగి ఫోను తీసి, మీ ఊళ్లో ఆడవాళ్లు రాయే ముట్టరని ఇక్కడ రాసుంది కదమ్మా, నీకు కార్డెందుకని తిప్పి పంపాడు. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఆ మనిషి ఏం పని చేస్తుందో ఫోనులో చూసి చెప్పిన మేధావి. తోడు వెళ్లిన సాత్విక ఆ పేజీ పేరు గుర్తు పెట్టుకుంది.

‘జనజీవన దర్పణం’ అని దాని పేరు. నా అంగడిలో కంప్యూటరు ముందు కూర్చునే తెరిచింది. ఆళ్లగడ్డ శిల్పుల మీద రెండు పేజీలున్నాయి. ఆడవాళ్లు రాయిని ముట్టడం నిషిద్ధం, ముడితే శిల పవిత్రత పోతుందని వీరి నమ్మకం, అని ఎవడో వేదవాక్కులా రాసిపెట్టాడు. కింద ఫోటో. మోచేతుల దాకా నల్లటి బురద పూసుకుని, చెంబు పట్టుకుని నిలబడిన గౌరమ్మ. దాని కింద ‘శిల్పికి మజ్జిగ తెచ్చిన ఇల్లాలు’ అని రాశాడు. మజ్జిగ తెచ్చినామె చేతులు అట్లా ఎందుకున్నాయో అడగాలని తోచనివాడు కూడా మనుషుల మీద పరిశోధన చేసేవాడే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పేజీని నేనే ఎంతోమందికి ప్రింటు తీసిచ్చానని గుర్తొచ్చి ఇంకా మండింది.

సాత్విక మాత్రం సారు ఇచ్చిన ప్రశ్నలు వరసగా వేసుకుంటూ పోయింది. రాసినవాడు అహోబిలం పోతూ దారిలో ఒక పూట ఆగినవాడు. రాసి పదకొండేళ్లయింది. ఇక, ఎవరిని అడిగాడు? పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. సమాచారం ఇచ్చినవారు, స్థానిక శిల్పి తిమ్మయ్య.

ఆ పిల్ల మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"మా తాతే అన్నా," అంది.

వెబ్‌సైటు వాళ్లకు తప్పు దిద్దమని అక్కడికక్కడే మెయిలు పెట్టింది. రెండు రోజులకు జవాబొచ్చింది. మా సమాచారదాత అనుభవజ్ఞుడైన శిల్పి, మీ వాదనకు అచ్చయిన ఆధారం ఉంటే పంపగలరు అని. మనవరాలి మాట చెల్లదు, అచ్చులో ఉంటే అబద్ధమైనా చెల్లుతుంది.

తర్వాత ఆళ్లగడ్డలో జరిగిందంతా సాత్విక చెప్పగా విన్నదే. తాతను నిలదీస్తే ఆయన దాచలేదు.

"చెప్పినా. ఎవరొచ్చినా అదే చెప్తాండా," అన్నాడంట.

గుడి కమిటీల వాళ్లు మడి చూస్తారని, ఆడమనిషి చెయ్యి పడిందని తెలిస్తే విగ్రహం తీసుకోరని ఆయన భయం. అందుకే పాక ముందు కారు ఆగిందంటే గౌరమ్మ పాలిష్ రాయి పక్కన పడేసి చెంబు పట్టుకోవాలి. ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా అదే అలవాటు. అవ్వ పని చేస్తుందని ఒక కాగితం రాసిమ్మని సాత్విక అడిగితే, వ్యాపారం పోతుందని తల అడ్డంగా ఊపాడు. ఆమె చేతి నునుపును అమ్ముకుని బతికినవాడు, ఆ చేతికి సాక్ష్యం చెప్పమంటే జంకాడు.

గౌరమ్మ అక్కడే ఉంది. ఆఫీసువాడు తన ముఖాన కొట్టిన మాట మొగుడి నోట్లోంచి పుట్టిందని ఆమెకు అప్పుడే తెలిసింది. పాలిష్ రాయి నీళ్ల తొట్టిలో వేసి, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చుంది.

"ఆడోళ్లు రాయి ముట్టరంట గదా. నేను ముట్టను," అంది.

అవుకు దగ్గర ఒక పల్లె వాళ్లు శుక్రవారం వచ్చి ఆంజనేయస్వామిని చూసుకోవాలి. తిమ్మయ్య మొదట నవ్వాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత తనే రుద్దడానికి కూర్చున్నాడు. నలభై ఏళ్లు పక్కనే చెక్కుతూ ఆ పని ఎట్లా చేస్తారో చూడని మనిషి. గరుకు రాయి ఎప్పుడు ఆపాలో తెలియక స్వామి చెంప మీద గీతలు పెట్టాడు. శుక్రవారానికి గౌరమ్మ అప్పటికే పట్టిన చెంప అద్దంలా ఉంది, తిమ్మయ్య పట్టిన చెంప బూడిద రంగులో ఉంది.

వచ్చిన పెద్దమనిషి ఇదేంటని అడిగాడు. తిమ్మయ్య ఆ చెంపను తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు. చివరికి, పాలిష్ పట్టేది మా ఇంటామె, అలిగి కూర్చుందని చెప్పేశాడు. పెద్దమనిషి మడి అనలేదు, మైల అనలేదు.

"అయితే ఆమెను బతిమాలుకోప్పా. పున్నమికి మాకు సామి గావాల," అన్నాడంట.

నలభై ఏళ్లు ఒక మనిషిని చెంబు పట్టించి నిలబెట్టిన భయం అంతే. గుళ్ల వాళ్లెవరూ అడగని ప్రశ్నకు తిమ్మయ్య ముందే కట్టుకున్న జవాబది. దాన్ని కారులో వచ్చినవాడు రాసుకున్నాడు, ఆఫీసువాడు నమ్మాడు, నేను ప్రింటు తీశాను.

గౌరమ్మ వెంటనే లేవలేదు. కాగితం రాసిస్తేనే రాయి ముడతానంది. సోమవారం ముగ్గురూ నా అంగడికి వచ్చారు. తిమ్మయ్య చెబుతుంటే నేనే టైపు చేశాను. నా ప్రతి విగ్రహానికీ పాలిష్ పట్టింది నా భార్య గౌరమ్మే, ఆడవాళ్లు రాయి ముట్టరని నేను చెప్పింది అబద్ధం అని. సంతకం పెడుతున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు. సంతకం రాని గౌరమ్మ దాని కింద ఇంకు అద్ది బొటనవేలు వేసింది.

ఆ కాగితంతో మూడు నెలలకు కార్డు వచ్చింది. వెబ్‌సైటులో మాత్రం ఆమె ఇప్పటికీ మజ్జిగ మోస్తూనే ఉంది. సాత్విక ఆ కాగితం నకలును అసైన్‌మెంటుకు జతచేస్తే అబ్రహాము సారు ఇరవైకి తొమ్మిది వేశాడు. ఆధారం ఇంటర్నెట్‌లో దొరకడం లేదట.

వాళ్లను అని ఏం లాభం, నేనూ ఆ బాపతే. ఆ సోమవారం కాగితాన్ని మిషన్‌లో పెట్టి నకలు తీస్తే, వేలిముద్ర ఉండాల్సిన చోట ఒట్టి నల్లమచ్చ పడింది. ఒక్క గీత లేదు. గాజు తుడిచి మళ్లీ తీశాను. అదే మచ్చ. మిషన్ చెడినట్టుంది, పక్క అంగడికి పొమ్మని చెప్పబోయాను. గౌరమ్మ తన బొటనవేలు నా కళ్ల ముందు పెట్టింది.

"నీ మిషన్ బాగానే ఉండాదప్పా," అంది. "గీతలు రాయి తినింది."