తొట్టిలో రొట్టెల పండగ

అంగన్‌వాడీ టీచరు ఉషారాణికి పండగంటే పిల్లలకు చెప్పేది కాదు, పిల్లలతో చేతులు తడుపుకునేది. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టిన మనిషి. బోగోలు దాటి, సముద్రపు గాలి ఎదురొచ్చే ఈ పల్లెకు రోజూ ఆటోలో వస్తుంది. క్రిస్మస్‌కు కాగితం నక్షత్రం, చవితికి బంకమట్టి. ఇప్పుడు నెల్లూరు దర్గా చెరువులో రొట్టెల పండగ. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి, చదువు రొట్టె, పెళ్లి రొట్టె అంటూ కోరిక పేరుతోనే రొట్టె అడిగి పుచ్చుకుంటారు. తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి ఆ రొట్టె ఇస్తారు. అంత చెరువూ ఈ పూట ఒక నీలం ప్లాస్టిక్ తొట్టిలోకి వచ్చి కూర్చుంది.

పొద్దున్నుంచి ఆమె ధ్యాసంతా ఒక పిల్ల మీదే. కొత్తగా చేరిన అబిగయీలు రోజూ అమ్మ కోసం ఒకటే ఏడుపు. తల్లి ఏసుమణి రొయ్యల కంపెనీకి పోతూ గుమ్మంలోనే చెప్పేసింది.

"ఈరోజు గూడా ఏడిస్తే రేపట్నుంచి పంపను టీచరమ్మా. నాతోనే ఎత్తకపోతా."

ఆ ఐసు నీళ్ల మధ్య పసిపిల్ల! ఈరోజు ఎలాగైనా ఏడుపు మాన్పించాలనుకుంది ఉషారాణి.

ఆయా మగ్దలీనమ్మ రాగి రొట్టెలు తెచ్చింది. "చిన్నచిన్నవే చేసినా ఉషమ్మా. తొట్టిదాకా వస్తాయో, దోవలోనే కడుపులోకి పోతాయో!"

తలల మీద తువ్వాళ్లు కప్పుకొని పిల్లలు తొట్టిలో దిగారు. గదంతా నీళ్లూ నవ్వులూ.

"బండి రొట్టె ఎవురిస్తారు?"

"నాకు దోసె రొట్టె!"

"దోసె రొట్టేందిరా, దోసే అడగరాదా!"

పక్కన వెక్కుతున్న అబిగయీలును ఉషారాణి ఎత్తి నీళ్లలో నిలబెట్టింది. "నీకేం రొట్టె కావాలమ్మా?"

"అమ్మ రొట్టె."

ఉషారాణి గబగబా ఒకటి తీసింది. తొట్టిలో పక్కనే ఉన్న పిల్ల, లిల్లీ, అడ్డమొచ్చింది.

"మీరియ్యగూడదు టీచర్! మా అమ్మ నిన్న ఆస్పత్రి నుంచి వచ్చేసింది. అమ్మ రొట్టె నేనియ్యాల."

అబిగయీలు రెండు చేతులా పుచ్చుకుంది. ఏడుస్తూ తింది. తింటూ తింటూ ఏడవడం మరిచిపోయింది.

మధ్యాహ్నం పని దిగి ఏసుమణి వచ్చింది. కూతురి చెంపల మీద చారలు చూసింది.

"ఏడ్చినట్టుందే. రామ్మే, పోదాం."

అబిగయీలు తల్లిని ఒకసారి వాటేసుకుని, విడిపించుకుని, తువ్వాలు తలమీదికి లాక్కుంది.

"ఉండుమా! నువ్వు వచ్చేసినావు గదా. ఇప్పుడు నేనియ్యాల."

"యాడున్నాయే, అన్నీ తినేస్తిరి గదా!" మగ్దలీనమ్మ ఖాళీ గిన్నె తిప్పి చూపించింది.

"అయితే రేపిస్తా."

ఏసుమణి తెల్లబోయి టీచరు వైపు చూసింది. "రేపు గూడా చేస్తారా టీచరమ్మా?"

"మగ్దలీనమ్మా, పిండి ఉందా?" ఉషారాణి అప్పటికే వంటగదిలోకి పరుగెత్తుతోంది.