హుస్సేనమ్మ ఇంట్లో సుంకులమ్మ బిడ్డ

1954. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆ సందడికి దూరంగా నేను డోనులో హెల్త్ విజిటర్‌గా చేరాను. హెల్త్ విజిటర్ అంటే ఇల్లిల్లూ తిరిగి బాలింతలనూ పసిపిల్లలనూ చూసే నర్సు. బిడ్డ బరువు పెరుగుతోందా, పాలు సరిపోతున్నాయా, టీకాలు వేయించారా అన్నదే మా చదువు. పసిబిడ్డ మనసు ఎలా ఉంటుందో మాకెవరూ చెప్పలేదు. అది నేను రైలు పట్టాలకు అవతల ఉన్న ఒక వీధిలో నేర్చుకున్నాను.

ఆ వీధిలో తిమ్మప్ప కాపురముండేవాడు. స్టేషన్లో పాయింట్స్‌మన్, అంటే రైళ్ళను ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్ళించే పని. భార్య సుంకులమ్మకు తొలికాన్పయిన కొన్ని నెలలకే క్షయ అని తేలింది. శానిటోరియంకు, క్షయరోగులను ఉంచే ఆసుపత్రికి, పంపక తప్పలేదు. ఇంట్లో పెద్దదిక్కు లేదు. పక్కిల్లు దూదేకులవాళ్ళది. ఆ ఇంటి ఇల్లాలు హుస్సేనమ్మ ముగ్గురు పిల్లల తల్లి. చివరివాడు ఇంకా చంటివాడే. ఎవరూ అడక్కముందే ఆమె సుంకులమ్మ బిడ్డ లచ్చిని ఎత్తుకుపోయి, కొడుకుతోపాటు పాలిచ్చి పెంచింది.

సుంకులమ్మ తిరిగొచ్చేసరికి లచ్చికి రెండేళ్ళు దాటాయి. కఫంలో క్రిములు లేవని తేల్చాకే పంపారు కాబట్టి బిడ్డను ఎత్తుకోవడానికి అడ్డేమీ లేదు. కానీ బిడ్డే రాలేదు. కన్నతల్లిని చూసి హుస్సేనమ్మ కొంగు చాటున దాక్కుంది.

కొన్నాళ్ళకు నేను చూడబోతే సుంకులమ్మ కొర్రలు చెరుగుతోంది. గోడ అవతల లచ్చి నవ్వింది. ఇవతల చేట ఆగిపోయింది.

“ఆమెకు ముగ్గురుండారు నర్సమ్మా. నాకు ఇదొక్కటే. ఇది గూడా ఆమెకే కావాల్నా?”

హుస్సేనమ్మను తప్పుపట్టడానికి ఆమెకేమీ దొరకలేదు. అందుకే అన్నీ తప్పుగానే కనిపించాయి. ఆమె బిడ్డకు జడ వేసే తీరు, ఆమె పెట్టే సంకటి ముద్ద, బిడ్డ మాటల్లో దొర్లే ఆ ఇంటి మాటలు. లచ్చి తలలో హుస్సేనమ్మ ఇంటి నూనె వాసన వేస్తోందని, సీకాయ పెట్టి రుద్ది రుద్ది తలంటిందట.

చివరికి ఒకరోజు బిడ్డను బలవంతంగా లోపలికి తెచ్చుకుని తలుపు గడియ పెట్టేసింది. లచ్చి తలుపు కొట్టింది, నేల మీద పడి దొర్లింది, గొంతు పోయేదాకా ఏడ్చింది. తిమ్మప్ప తలుపు తీయబోతే సుంకులమ్మ అడ్డంగా నిలబడిందట. ఆ తర్వాత బిడ్డను పక్కింటికి పోనివ్వలేదు. కొన్ని రోజులకు ఏడుపు ఆగిపోయింది. బిడ్డకు బుద్ధొచ్చిందని వీధిలో అందరూ సంతోషించారు.

నేను వెళ్ళేసరికి లచ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎత్తుకుంటే వచ్చింది. దించితే దించినచోటే కూర్చుంది. నా ముఖం చూడలేదు, తల్లి ముఖమూ చూడలేదు. మాటలు మానేసింది. పక్క తడుపుతోంది. తూకం వేస్తే బాగా తగ్గింది. ఏడ్చే పిల్లలను నేను చాలామందిని చూశాను గానీ, ఆ నిశ్శబ్దం మాత్రం నన్ను భయపెట్టింది.

బిడ్డను హుస్సేనమ్మ ఇంటికి తీసుకుపోదాం, నువ్వూ రా అన్నాను. నేను కూడా ఆమె పక్షమేనని సుంకులమ్మ మండిపడింది. చాలాసేపు వాదించింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

“ఆసుపత్రిలో సచ్చిపోతానని భయపడల్యా నేను. బిడ్డను హుస్సేనమ్మ సాక్కుంటాదని ధైర్నంగా ఉన్నా. బతికొచ్చినాక ఆ ధైర్నమే నన్ను తింటాంది.”

అయినా బిడ్డను చంకనేసుకుని బయల్దేరింది.

హుస్సేనమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. చేతులు చాచింది. లచ్చి ఆమెను చూసి ముఖం తిప్పుకుంది. సుంకులమ్మ అన్నాళ్ళుగా కోరుకున్నది అదే. కానీ దాన్ని కళ్ళారా చూసేసరికి ఆమె ముఖం పాలిపోయింది. తనను చూసినట్టే ఆమెనూ చూస్తోంది బిడ్డ, ఎవరో అన్నట్టు.

హుస్సేనమ్మ దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకోగానే లచ్చి ఆ చేతిని కొరికింది. రెండు చేతులతోనూ కొట్టింది. ఆ పైన ఆమె మెడను వాటేసుకుని, చాలా రోజుల తర్వాత మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. సుంకులమ్మ వాకిట్లో కూర్చుని అదంతా చూసింది. లేచి వెళ్ళిపోవాలని ఉన్నా వెళ్ళలేదు. అంతకంటే కష్టమైన పని ఆమె ఎన్నడూ చేసి ఉండదనుకుంటాను.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే బిడ్డతో అక్కడికి వెళ్ళి, హుస్సేనమ్మతో కలిసి దూదిలో గింజలు ఏరుతూ కూర్చునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కారు. హుస్సేనమ్మకూ మంట లేకపోలేదు. తన పిల్లను తానే మెల్లగా అప్పగిస్తున్నట్టుందని నాతో అని కళ్ళు తుడుచుకుంది. అయినా సంకటి కలిపి, తినిపించమని పళ్ళెం సుంకులమ్మ చేతికే ఇచ్చేది. లచ్చి మొదట ఆ ముద్ద ఉమ్మేసింది. పోను పోను నోరు తెరిచింది.

వానలు మొదలయ్యాక సుంకులమ్మ నన్ను వెతుక్కుంటూ మా హెల్త్ సెంటరుకు వచ్చింది.

“నేను నీళ్ళకు బాయికి పోతాంటే ఏడ్సింది నర్సమ్మా. హుస్సేనమ్మ ఎత్తుకున్నా ఊరుకోల్యా. నా కోసరమే ఏడ్సింది” అంటూ నవ్వింది.

ఏళ్ళ తర్వాత నేను కడపలో పనిచేస్తుండగా లచ్చి అక్కడ టీచర్ ట్రైనింగులో చేరింది. కొత్త ఊళ్ళో, కొత్త హాస్టల్లో తొందరగా కలిసిపోయే పిల్ల. కష్టమొస్తే దాచుకోకుండా చెప్పుకునేది. ఒకసారి సెలవులయ్యాక దింపడానికి వచ్చిన సుంకులమ్మ మా ఇంట్లో భోంచేస్తూ అంది: “సెలవులకొస్తే ముందు హుస్సేనమ్మ గడపే తొక్కుతాది. ఇప్పటికీ నాకు కడుపులో మంటే. కానీ ఆ గడప ల్యాకపోతే నా గడప గూడా తొక్కేది కాదేమో.”

ఒకరిని గట్టిగా పట్టుకోవడం నేర్చిన బిడ్డే రెండో మనిషినీ పట్టుకోగలదని ఆ ఇద్దరు తల్లుల దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ ఊళ్ళో పనిచేసినా, తల్లి దూరమైన బిడ్డను చూడబోతే తూకం వేయడానికి ముందే ఒక మాట అడిగేదాన్ని: ఈ బిడ్డ ఎవరి కోసం ఏడుస్తుంది? ఆ ఇంట్లో వాళ్ళు ఎవరి పేరైనా చెబితే నా మనసు కుదుటపడేది.