హారతి పట్టిన కాబ్లర్

రాష్ట్రం విడిపోయాక మూడో వేసవిలో నన్ను ప్రొద్దుటూరులోని ఒక మహిళా శిక్షణ కేంద్రానికి గృహవిజ్ఞాన అధికారిణిగా బదిలీ చేశారు. పులివెందుల తోటల్లో మచ్చపడి వ్యాపారులు వదిలేసిన అరటిపండ్లతో అమ్ముకోదగ్గ వంటకాలు నేర్పడం నా పని. వాటిలో మొదటిది కాబ్లర్. పేరు విని భయపడనక్కర్లేదు. పండ్ల ముక్కల్లో చక్కెర, నిమ్మరసం కలిపి ట్రేలో పరిచి, పైన మైదా, వెన్న, పాలు, బేకింగ్ పౌడర్ కలిపిన జారుపిండి పోసి ఓవెన్‌లో పెట్టడమే. ఒక్కటే జాగ్రత్త. తడి తగిలినప్పటి నుంచే బేకింగ్ పౌడర్ గాలి బుడగలు వదులుతుంది. ఆలస్యం చేస్తే ఆ గాలి పోతుంది, పిండి పొంగదు.

శిక్షణ చివరి రోజు ప్రాక్టికల్ పరీక్ష. కడప నుంచి పరీక్షకురాలు వచ్చారు. రాజుపాలెం వైపు నుంచి వచ్చే రామలక్ష్మి గొర్రెలు మేపుకునే ఇంటి కోడలు. ఆ రోజు నెగ్గితేనే ఆమెకు జమ్మలమడుగులో ఒక కాలేజీ క్యాంటీన్ ఉద్యోగం. ఆమె మాత్రం వరండాలోనే నిలబడిపోయింది. కారణం బ్యాచ్ లీడర్ రాజేశ్వరమ్మ చెప్పింది. ఆమెది బట్టల దుకాణం వాళ్ల ఇల్లు.

"ఆ పాప బయటుంది మేడం. ముట్టుతో ముట్టుకుంటే పిండి పొంగుతాదా?"

ఆవకాయకు ఈ అంటు ఉందని విన్నాను. కాబ్లర్ ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన వంటకం, ప్రొద్దుటూరికి వచ్చి నెల కాలేదు. అంటు మాత్రం అప్పుడే ఓవెన్ పక్కన పీట వేసుకుని కూర్చుంది.

పరీక్ష చూడ్డానికి వచ్చిన మా సహాయ సంచాలకులకు రసాయన శాస్త్రంలో డాక్టరేట్ ఉంది. ఆయన ఎందుకమ్మా గొడవ, తర్వాతి బ్యాచ్‌లో చూద్దాం అన్నారు. తర్వాతి బ్యాచ్‌కు మంజూరే రాలేదు. నేను రామలక్ష్మిని లోపలికి పిలిచి, చిన్న ఓవెన్ ఆమెకు అప్పగించాను.

"మాకేమన్నా అయితే నీదే భారం పాపా!" అంది రాజేశ్వరమ్మ.

"గొర్రె ఈనేటప్పుడు పిల్లను లాగేది నేనే కదక్కా. ఆ పొద్దు నాకు ముట్టా కాదా అని ఎవురూ అడగరు. పిల్ల బతికిందా అనే అడుగుతారు" అంది రామలక్ష్మి.

అందరూ పిండి కలిపి పండ్ల మీద పోశారు. అప్పుడు రాజేశ్వరమ్మకు పెద్ద ఓవెన్‌కు పూజ చేయలేదని గుర్తొచ్చింది. మిగతా వాళ్ల ట్రేలన్నీ దాని ముందు వరుసగా పెట్టించింది. కర్పూరం దొరికింది కానీ అగ్గిపెట్టె దొరకలేదు. అగ్గిపెట్టె దొరికాక టెంకాయ పగల్లేదు. పిండి ఆగదమ్మా అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను.

"దేవుని ముందర పిండెంత మేడం!"

ముట్టులో ఉంది కాబట్టి రామలక్ష్మిని హారతి దగ్గరికి రానివ్వలేదు. చేసే పనేమీ లేక ఆమె తన ట్రేను వెంటనే చిన్న ఓవెన్‌లో పెట్టేసింది.

ఆమె కాబ్లర్ బంగారు రంగులో పొంగింది. హారతి పట్టినవన్నీ నిన్నటి దోసెల్లా అణిగిపోయాయి. ట్రేల మీద పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. పక్క గదిలో కూర్చుని రుచి చూసిన పరీక్షకురాలు ఎక్కువ మార్కులు రామలక్ష్మి ట్రేకే వేశారు. గాలి ఎలా పోయిందో నేను అందరికీ వివరించాను. రాజేశ్వరమ్మ ఓపిగ్గా విన్నది.

"నేను చెప్పలేదా మేడం? ఆ పాప అంటు మా ట్రేలకు తగిలింది."

"మరి ఆమె ట్రేకు తగల్లేదేం?"

"ఎవురి అంటు వాళ్లకు తగలదు మేడం."

డాక్టరేట్ గారు తల ఊపారు.

రామలక్ష్మి సర్టిఫికెట్ తీసుకుని జమ్మలమడుగులో పనిలో చేరింది. మార్కులు తెచ్చింది పొంగిన పిండే అయినా, ఆమెను గట్టెక్కించింది అది కాదు. అది పొంగకపోయి ఉంటే తప్పు ఎవరిదని తేల్చేవారో చెప్పక్కర్లేదు. పొంగినా తేల్చింది అదే. ఆమెను గట్టెక్కించింది పరీక్ష గదిలోకి రానివ్వడం. రుజువు చూపిస్తే నమ్మకం ఓడిపోతుందని అంతవరకూ అనుకునేదాన్ని. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ, వరండాలో ఎవరైనా నిలబడి కనిపిస్తే ముందు లోపలికి పిలిచి చేతికి ట్రే ఇచ్చాను. వాదన మానలేదు, పరీక్ష ముగిశాక చేశాను.