ఆటోనగర్ దాకా వెళ్లొచ్చిన వెండి నీళ్లు

భీమిలి నుంచి ఆటోనగర్ వెళ్లదలచిన వారికి ముందుగా ఒక సలహా. ఒళ్లో మందు సీసా, పక్కన మండిపడుతున్న బావమరిది లేకుండా వెళ్లండి. నేను రెండూ పెట్టుకుని ఉదయం ఏడుంపావు బస్సెక్కాను.

మా బావమరిది అప్పలనాయుడికి భీమిలి అవతల అరెకరం ఉంది. అందులో పోసిన మిరపనారు ఒకసారి కుళ్లిపోయింది. రెండోసారి పోస్తే అదీ మొదలు దగ్గర మెత్తబడి ఒరగసాగింది. ఇదీ పోతే అదను దాటిపోతుంది, ఈ ఏడు మిరప లేనట్టే. అప్పుడు నాలోని శాస్త్రవేత్త నిద్ర లేచాడు. కంటికి ఆననంత సన్నటి వెండి కణాలు నీళ్లలో కలిపి కొడితే కుళ్లు ఆగుతుందనీ, మొక్క ఎదుగుతుందనీ ఫోనులో చదివింది చెప్పాను. మిరపమొక్క కొబ్బరిచెట్టుతో భుజాలు రాసుకుంటుందన్నది మాత్రం నా సొంత కవిత్వం. ఊళ్లో అందరికీ అదే వినిపించాను.

ఆటోనగర్లో ఒక చిన్న షెడ్డులో తయారవుతోందని తెలిసి సీసా తెప్పించాం. పల్చటి టీ రంగు మందు, నాయుడు నీళ్లలో కలపగానే బూడిద రంగుకి తిరిగింది. కొట్టి నాలుగు రోజులైనా నారు ఒరుగుతూనే ఉంది. మిగిలిన ఆ బూడిద నీళ్లను సీసాలో పోసుకుని ఇప్పుడు యుద్ధానికి బయల్దేరాం.

"వెండన్నావు బావ. మా ఇంట్లో అంట్లు తోమిన నీళ్లు ఇంతకన్నా మెరుత్తాయి," అన్నాడు, బస్సంతా వినేలా.

ముందు సీట్లో చేపల తట్టతో కూర్చున్న ముసలమ్మ వెనక్కి తిరిగింది. "వెండైతే కాళ్లకి పెట్టుకోవాల గానీ పొలానికేటి బాబూ?"

నేను సముద్రం వైపు చూశాను. ఆ పూట సముద్రానికి నా అంత శ్రద్ధాళువు దొరికి ఉండడు.

ఎనిమిదింపావుకి మద్దిలపాలెం. ఇడ్లీ తింటున్నంతసేపూ నాయుడు షెడ్డువాళ్లని ఏమనాలో సాధన చేశాడు. పక్క బల్లవాడు తననే అంటున్నాడనుకుని చట్నీ వదిలేసి లేచిపోయాడు. అక్కడ బస్సు మారి గాజువాక, అక్కడి నుంచి ఆటో. పదింటికి ఆటోనగర్ చేరాం. ఒకవైపు లేతు మిషన్లు, మరోవైపు వెల్డింగు. ఈ చప్పుడులో తిట్టినా వినపడదేమోనని నాయుడికి బెంగ పట్టుకుంది.

షెడ్డులో మందు చూసుకునేది గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. పాతికేళ్లు దాటి ఉండవు. నాయుడు గొంతు సవరించుకునేలోపే మా సీసా ఎత్తి చూసి, "ఉప్పెక్కడిదండీ?" అంది.

"ఉప్పేటమ్మా? మా నుయ్యి నీళ్లు కొబ్బరినీళ్లే," అన్నాడు నాయుడు.

ఆ అమ్మాయి రెండు గ్లాసుల్లో మందు పోసి, ఒకదానిలో చిటికెడు ఉప్పు వేసింది. టీ రంగు కాస్తా చూస్తుండగానే మా బూడిద రంగుకి తిరిగింది. "వెండికీ ఉప్పుకీ పడదండీ. కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అడుక్కి దిగిపోతాయి. కలిపిన బకెట్టులో ముందే ఏమైనా ఉందేమో కనుక్కోండి."

నాయుడు ఇంటికి ఫోను కలిపాడు. ఎత్తింది అతని భార్య సత్యవతి.

"ఏటే, మందు కలిపిన నీలం బకెట్టులో ఏటైనా ఏసినావా?"

"అందులో కలిపినావా? సీసా ఇంటికొచ్చిన రోజు దిట్టి తీసి ఉప్పు అందులోని నీళ్లలోనే ఏసినాను. ఈది సివర పారబోద్దుమని వచ్చేసరికి బకెట్టు ఖాళీ. పోన్లే, మా ఆయన ఒక పని సేసినాడనుకున్నాను."

"ఎంతేసినావు?"

"రెండు గుప్పిళ్లు. మామూలుగా ఒకటే. అన్నయ్య ఊరంతా సెప్పీసినాడు గదా, దిట్టి గట్టిగా ఉంటాదని రెండేసినాను."

అంత దిష్టి తెచ్చిపెట్టిన ఆ అన్నయ్యని నేనే. షెడ్డు గోడ మీది క్యాలెండరు చాలా ఆసక్తికరంగా కనిపించింది.

నాయుడు సాధన చేసిన తిట్లన్నీ ఇడ్లీల దగ్గరే ఖర్చయిపోయాయి. "నారు బతుకుతాదా అమ్మా?" అన్నాడు, మెల్లగా.

"ఒరిగినవి లేవవండీ. నిలబడ్డవాటికి ఈ సాయంత్రమే కొట్టండి. అన్నీ నిలుస్తాయని చెప్పను. మడిలో నీరు నిలవనివ్వకండి. బాగుందని ఎక్కువ కొట్టకండి, నేలలో మేలుచేసే సూక్ష్మజీవులు కూడా చచ్చిపోతాయి." ఇంకో చిన్న సీసా చేతిలో పెట్టింది.

తిరుగు ప్రయాణంలో గాజువాక ట్రాఫిక్ మాకోసమే కాచుకుని ఉంది. చీకటి పడేలోపు మందు కొట్టాలి. నాయుడు ప్రతి సిగ్నలు దగ్గరా లేచి నిలబడ్డాడు, తను లేస్తే బస్సు కదులుతుందన్నట్టు. మద్దిలపాలెంలో భీమిలి బస్సెక్కితే పొద్దుటి ముసలమ్మే పక్క సీట్లో ఉంది. తట్ట ఖాళీ, కాళ్ల దగ్గర ఉప్పు మూట. నాయుడు సీసా తలమీదికి ఎత్తి పట్టుకున్నాడు. సంగతి విని ఆవిడ తట్ట సర్దుకుంది.

"ఉప్పేత్తే మా సేప ఏడాదుంటాది. మీ వెండి పూట కూడా ఉండనేదా?"

అయిదున్నరకి దిగాం. సత్యవతి మడి దగ్గరే ఉంది. నీలం బకెట్టు తోమి బోర్లించి ఉంది. నారు సగానికి పైగా ఇంకా నిలబడే ఉంది. ఆమె గుప్పిట బిగించి సీసా వైపు రావడం చూసి ఇద్దరం ఒక్కసారే అడ్డు పడ్డాం. ఆమె మమ్మల్ని లెక్కచేయకుండా సీసా చుట్టూ మూడుసార్లు తిప్పి గుప్పిట విప్పింది. అందులో ఏమీ లేదు.

"ఉత్త సేత్తోనే తీసినాను. పనిసేత్తాదో లేదో నాకైతే తెల్దు," అంది.

నాయుడు బకెట్టు తిరగేసి నీళ్లు తోడాడు. మందు పోస్తే రంగు మారలేదు. వెళ్లదలచిన వారికి చివరి మాట: అంత దూరం వెళ్లి కంటికి కనిపించని వెండిని తెచ్చాం. కంటికి కనిపించని ఉప్పు మాత్రం ఇంట్లోనే దొరికింది. ఈసారి ఊళ్లో నేను ఎవరికీ చెప్పలేదు.