అమ్మ కుడి చెంప

మా పెద్దమ్మ పెద్దకర్మ రోజు హాల్లో పెట్టిన ఆవిడ ఫోటో చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దమ్మకి ఎడమ చెంప మీద పెసరగింజంత పుట్టుమచ్చ ఉండేది. ఫోటోలో రెండు చెంపల మీదా ఉంది. ముక్కుపుడక కూడా రెండు పక్కలా. చామనఛాయ మనిషి కాస్తా మైదాపిండి పులుముకున్నట్టు తెల్లగా ఉంది.

"ఇదెవులే?" అంది పక్కన కూర్చున్న మా అమ్మ. "మా అప్పకి రెండు మచ్చలెక్కడివి?"

నేను గజపతినగరంలో ఫోటో స్టూడియో నడుపుతాను. ఏం జరిగిందో చూడగానే తెలిసిపోయింది, అమ్మకీ చెప్పాను. పెద్దమ్మ ఒంటరిగా దిగిన ఫోటో ఒక్కటీ లేదు. పెద్దనాన్నతో దిగిన పాత ఫోటో పట్టుకుని శృంగవరపుకోటలో ఫ్లెక్సీలు వేసే షాపుకి వెళ్లారు. అందులో ఆవిడ ముఖం సగం పెద్దనాన్న నీడలో మునిగిపోయి ఉంది. షాపువాడు వెలుతురున్న సగాన్నే తిప్పి రెండో పక్క అతికించేశాడు. అతన్ని తిట్టి ఏం లాభం? ఉన్నదాంతోనే కదా చేశాడు. నా కోపం ఆ పాత ఫోటో తీసిన తరం మీద.

ఆ తరం దగ్గరే నేను పని నేర్చుకున్నాను. మా గురువు జంటల్ని తీసే పద్ధతి ఒకటే. భార్యకి కుడిపక్కన భర్త. పెద్ద లైటు కూడా ఆ పక్కనే, అతని కళ్ల కంటే కాస్త ఎత్తులో, ఏటవాలుగా. అతని ముఖం చక్కగా తేలేది, కళ్లలో మెరుపు వచ్చేది. ఆ వెలుతురు ఆవిడ దాకా వెళ్లేలోపు అతని తలా భుజమూ అడ్డం. లైటు కాస్త ముందుకి జరిపితే ఇద్దరికీ పడుతుంది కదండీ అని ఒకసారి అడిగాను.

"లైటు మగోడికి పెట్టాల. ఆడమనిషికి మిగిలింది సాల్దేటి?" అన్నాడాయన.

మిగిలింది చాలదా అట! అన్నం దగ్గరా ఇదే మాట, వెలుతురు దగ్గరా ఇదే మాట. సొంత షాపు పెట్టిన రోజునే నేను లైటు ముందుకి జరిపాను. దానికీ గొడవే. ఒకాయన తన ముఖం డల్లుగా వచ్చిందని దెబ్బలాడి మళ్లీ తీయించుకున్నాడు. పక్కన భార్య ఎంత బాగా వచ్చిందో ఆయన చూడనే లేదు.

పెద్దకర్మ నుంచి అమ్మావాళ్లింటికి రాగానే గోడమీది ఫోటోలన్నీ దించి చూశాను. పెళ్లి, గృహప్రవేశం, తమ్ముడి అక్షరాభ్యాసం. అన్నింట్లోనూ నాన్న వెలిగిపోతున్నాడు. అమ్మకి కుడి చెంపే లేదు. నవ్వితే ఆ చెంపనే సొట్ట పడుతుంది అమ్మకి. ఒక్క ఫోటోలోనూ అది లేదు.

"నాకిప్పుడే తీసీయే, ఒక్కదానికే," అంది అమ్మ నా వెనక నిలబడి. "నాను పోయాక నన్నూ మడతెట్టి అతికించేత్తారు."

నాన్న అడ్డం పడ్డాడు. "బతికున్న ఆడమనిషికి ఒంటి ఫోటో ఏటే? అపశకునం."

మా ఇళ్లలో ఆడదాని ఫోటో ఒంటరిగా గోడెక్కాలంటే ముందు ఆవిడ పోవాలి. నాన్న ఫోటో మాత్రం, భుజాన కండువాతో, హాల్లో ఎప్పట్నుంచో ఉంది. దానికి ఏ శకునమూ అడ్డు రాలేదు.

మర్నాడు స్టూడియో లైట్లు ఆటోలో వేసుకుని మళ్లీ వచ్చాను. అమ్మని వీధి గదిలో స్టూలు మీద కూర్చోబెట్టాను. లైటుకి తెల్ల గొడుగు తగిలించి, అమ్మకి కుడిపక్కన, ఇన్నాళ్లూ నాన్న నిలబడ్డ చోటే పెట్టాను. ఎడమపక్క నీడ మరీ చిక్కబడకుండా థర్మాకోల్ షీటు. ఎదురుగా ఏమీ పెట్టలేదు. నల్లటి ముఖం మీద ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదురూ ముక్కూ జిడ్డోడుతూ, ముఖం పలకలా చదునైపోతుంది. పక్కనుంచి మెత్తగా వస్తే ఆ నలుపే నిగనిగలాడుతుంది.

"పక్క లైటుకి ముడతలన్నీ ఫోటోలో పడతాయి. ఎదురుగా ఒక్క ఫ్లాష్ కొట్టు, తెల్లగా వస్తాది," గుమ్మంలోంచి నాన్న సలహా.

"అమ్మ ముడతలు నీకేటి అడ్డం నాన్నా?" గట్టిగా అరిచాను. వీధిలోకి వినబడే ఉంటుంది. ఆ అరుపుకి అమ్మకి నవ్వొచ్చింది. టక్కున నొక్కేశాను.

ఫ్రేము కట్టించి తెచ్చేసరికి నాన్న సిద్ధంగా ఉన్నాడు. "పెట్టిలో దాసుకోండి, గోడకొద్దు. వచ్చినోళ్లందరూ ఎప్పుడు పోయిందని అడుగుతారు."

అమ్మ లోపలికి వెళ్లి, సుత్తీ మేకూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అడగనీ. నానే ఎదురెళ్లి సెప్తాను," అంది. "నువ్వు కొట్టు."