గొడుగు కింద గరిక మడి

ఆ రోజుల్లో నాకు బుద్ధి కంటే శుభ్రం ఎక్కువ. (ఇప్పుడు రెండూ తగ్గి, లెక్క ఒక్కటే మిగిలింది.) డిగ్రీ అయిన కొత్తలో దివిసీమలో కరకట్ట పక్కన ఒక గడ్డి బీడులో మిడతలు లెక్కపెట్టే ఉద్యోగం వచ్చింది. తొంభై రోజుల తాత్కాలికం. పని బాగుంటే ఖాయం చేస్తారు, లేకపోతే గుడివాడ వెళ్ళి పెదనాన్న మిల్లులో బస్తాలు లెక్కపెట్టుకోవాలి.

పక్కపక్కనే రెండు మళ్ళు. మొదటిదాంట్లో గరిక ఒక్కటే. రెండోదాంట్లో గరిక, తుంగ, పిల్లిపెసర, వెంపలి, గునుగు, ఇలా పద్నాలుగు రకాలు. మొక్కల రకాలు పెరిగితే వాటిని తినే పురుగులు ఏమవుతాయో చూడాలని మా ఆఫీసరు ఆరాటం. (ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు తీయరు కాబట్టి ఆయన మాకు మఫ్లరు సారు.) రెండో మడిలో మిడతలు తొమ్మిది రకాలు, ఒక్కోటీ కాసినే, వాటిని పట్టే సాలీళ్ళూ ఉండేవి. కీచురాళ్ళ గోల ఆగేది కాదు. గరిక మడిలో మాత్రం ఒకే రకం, లెక్కకు అందనన్ని. ఎండలో కూడా అక్కడ సన్నగా చినుకుల చప్పుడు వినిపించేది. నేను ఆ గట్టు మీద ఎక్కువసేపు నిలబడేదాన్ని కాదు.

ఇరవై మూడో రోజున, పది రోజుల్లో సారు బందరు నుంచి పెద్దవాళ్ళను తీసుకొస్తున్నారని కబురు వచ్చింది. రెండో మడి చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. వరి పండించే ఇంటి పిల్లను, చేలో కలుపు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. వంగి పీకడం మొదలుపెట్టాను.

గేదెలకు గడ్డి కోసుకునే పిన్ని గట్టు మీద ఆగిపోయింది. "అమ్మాయిగారూ, గడ్డిలో గడ్డి పీకేస్తన్నారేంటండీ?"

"వచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు పిన్నీ, ఇంత అడ్డదిడ్డంగా ఉంటే?"

"ఏమో తల్లీ. మా గేదె అయితే ఏడుస్తది."

మూడు రోజుల్లో మడి అద్దంలా అయింది. గరిక తప్ప ఏమీ లేదు. అప్పుడు గమనించాను, కీచురాళ్ళు లేవు. సాలెగూళ్ళు లేవు. నేను దగ్గినా ఉలిక్కిపడి ఎగిరేది ఏదీ లేదు. ఆరు రోజులు ఆ మడి ఊపిరి బిగబట్టుకున్నట్టే ఉంది.

ఏడో రోజు మిట్టమధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. గొడుగు తెరిచి పుస్తకంలో 'జల్లు' అని రాసుకున్నాను. పేజీ తడవలేదు. ఆకాశంలో మబ్బు లేదు.

గట్టు మీద గడ్డి కోస్తున్న పిన్ని నవ్వలేదు. "వాన కాదండీ. తింటన్నాయి."

వంగి చూశాను. మిడతలు, అన్నీ ఒకే రంగు, ఒకే సైజు, అన్ని తలలూ ఒకే వైపు. గరిక పోచలు కొసల నుంచి కిందికి నిదానంగా మాయమవుతున్నాయి. పక్క మడిలో ఉన్నది గట్టు దాటి నా శుభ్రాన్ని వెతుక్కుంటూ వచ్చింది. గొడుగు మూయకుండానే వెనక్కి నడిచాను.

మర్నాడు పెద్దవాళ్ళకంటే ముందే సారు వచ్చారు. "మిగతావన్నీ ఏవమ్మా?"

"పీకేశానండి. నీటుగా ఉంటుందని."

ఆయన మఫ్లరు తీసేశారు. బస్తాలు నా కళ్ళముందు వరుసగా నిలబడ్డాయి. నోటుబుక్కు ఇచ్చాను. ఏ రోజు, ఏ వరసలో, ఏ మొక్క, ఎన్ని పీకానో అన్నీ ఉన్నాయి. తర్వాత ఏ పురుగు ఏ రోజు కనబడకుండా పోయిందో కూడా. ఆయన కదలకుండా పదకొండు పేజీలు చదివారు. చివరికి, "తప్పును ఇంత శ్రద్ధగా లెక్కపెట్టినవాళ్ళను చూళ్ళేదమ్మా. ఉద్యోగంలో ఉండు. కానీ ఇంకెప్పుడూ చేతులు నేలకు ఆనించకు," అన్నారు.

ఇప్పుడు బందరులో మా పెరడు చూసి పక్కింటి అమ్మాయి, "అమ్మమ్మగారూ, మనిషిని పెట్టి పీకించెయ్యమంటారా?" అంటుంది. వద్దంటాను. ఈ ఉదయానికి పదిహేడు రకాలు. కానీ మబ్బులేని మధ్యాహ్నం గేటు పక్క ఎక్కడో చినుకుల చప్పుడైతే, నేను ఆకాశం చూడను, గడ్డి వైపే చూస్తాను. అక్కడ ఎర్రటెండలో గొడుగు పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంటుంది, వాన పడుతోందని ఎంతో జాగ్రత్తగా రాసుకుంటూ.